పసుపు దారం కట్టిన మొక్కలు

గరుడాద్రిపై వెలసిన ఉపమాక వేంకటేశ్వరా! కూలిన కొమ్మకు చిగురును, కలతపడిన మనసుకు నిలకడను ప్రసాదించే స్వామీ! నీ పాదాలకు మొక్కి ఈ చిన్న కథ చెబుతున్నాను.

"అరవై మొలకలు. రెండు వేసవులు. ఒక్కటీ చావలేదా? రాజశ్రీ, ఇది పరిశోధనా, దేవుడి మహిమా?" ఆచార్య చంద్రమౌళి కాగితాలను ఆమె ముందుకు నెట్టారు.

"లెక్కపెట్టినదే రాశాను సార్."

"సోమవారం థీసిస్ ఇవ్వాలి. నా కళ్ళతో చూడనిదే సంతకం పెట్టను. పద, కొండకే పోదాం."

జీపు అనకాపల్లి దాటి రావికమతం వైపు సాగినంతసేపూ రాజశ్రీ లెక్కల కాగితాలనే తిరగేస్తూ కూర్చుంది. నాలుగేళ్ళ శ్రమ ఆ ఒక్క సంతకంపై ఆధారపడి ఉంది. తుఫాను చెట్లను కూల్చిన కొండవాలును లాంటానా ముళ్ళపొద ఆక్రమించింది. ఆ పరదేశపు మొక్కను ఆమె సగం నేలలో వేళ్ళతో సహా పెరికించి, మిగతా సగంలో అలాగే వదిలింది. రెండుచోట్లా సహజంగా మొలిచిన మద్ది, ఏగిస, నేరేడు మొలకలను అరవైయేసి ఎంచుకుంది. గుర్తుకు కట్టిన ప్లాస్టిక్ బిళ్ళలను కోతులు పీకేస్తుంటే, వాటి బదులు పసుపు దారాలు కట్టింది. ముళ్ళపొదలో ముప్పై ఎనిమిది చచ్చాయి. పెరికిన నేలలో అన్నీ బతికాయి. పొదను తొలగిస్తే చాలు, అడవి తనంతట తానే లేస్తుందని ఆమె సిద్ధాంతం.

కొండ మొదట్లో చీపురుగడ్డి కోస్తున్న ఆ కొండ ఊరి కొర్లమ్మ ఎదురైంది.

"ఏటమ్మా, పున్నానికి కదా వత్తానన్నావు, ఇయ్యాలే వచ్చీసేవేటి?"

"సార్ చూస్తామన్నారు కొర్లమ్మా."

"అయితే నెమ్మదిగా ఎక్కండి. బాబుగారికి ఆయాసం వచ్చీగల్దు." మోపును అక్కడే పడేసి, ఆమె అడ్డదారిన గబగబా వెళ్ళిపోయింది.

"మనల్ని చూసి పారిపోయిందేమిటి?" అన్నారు చంద్రమౌళి.

పెరికిన నేలలో లెక్క మొదలైంది. ఆయన ప్రతి దారాన్నీ వేలితో తాకి చూస్తున్నారు. నలభై... యాభై... యాభై నాలుగో దారం దగ్గర ఆయన వంగారు. అది ఒక ఎండుపుల్లను పట్టుకుని ఉంది.

"పోయిన నెల బతికే ఉంది సార్, ఒట్టు!"

మిగిలిన ఆరూ పచ్చగానే ఉన్నాయి. చంద్రమౌళి నవ్వారు. "పిచ్చిదానా, అది చచ్చింది కాబట్టే ఇవి బతికాయని నమ్ముతున్నాను. అరవైకి యాభై తొమ్మిది! అడవి లెక్క ఇలాగే ఉంటుంది."

కాగితాన్ని మోకాలిపై పెట్టుకుని ఆయన సంతకం చేశారు. ఎన్నాళ్ళకో రాజశ్రీ నిండుగా ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే ఎగువ నుంచి కొర్లమ్మ రొప్పుతూ దిగింది. ఒక చేతిలో గునపం, మరో చేతిలో వేరుమట్టితో ఒక ఏగిస మొక్క.

"అయ్యో, నాను వచ్చేలోగా సూసీసేరా! నువ్వు మొక్కుకుని దారం కట్టిన మొక్క ఎండిపోతే నీకు కీడు తల్లీ. అందుకే మా ఊరి ఆడోళ్ళం ఎండిపోయినదల్లా తీసీసి, అలాటిదే తెచ్చి పాతీసి, నీ దారమే కట్టీసేవోళ్ళం. ఆ ముళ్ళడొంకలోకే దూరలేకపోనాం... కోపగించుకోకు."

ఈ కథ విన్నవారి మొక్కులు వాడకుండు గాక! వారి నేలపై నిజమైన చిగురు నిలుచు గాక!