సులువు కాన్పు

బిడ్డను తూకంలో పెట్టి ముల్లు చూసిన నర్సు, గుమ్మంలో నిలబడ్డ అత్తగారి మీద విరుచుకుపడింది.

"కడుపుతో ఉన్న పిల్లకి తిండి పెట్టలేదా?"

"గట్టిగా అడగండి," అంది మంచం మీది కోడలు. "పొద్దంతా ఫ్యాక్టరీలో నిలబడి ఇస్త్రీ చేసొచ్చి, కాస్త మారు వడ్డించమంటే గిన్నె అటక మీద పెట్టేసేది."

అత్తగారు కాదనలేదు. దగ్గరికొచ్చి నర్సు చేతుల్లోని బిడ్డ పాదం పట్టుకుంది. అది ఆమె బొటనవేలంత కూడా లేదు.

"బిడ్డ పెరిగితే కాన్పు కష్టమని పెట్టలేదమ్మా. నా కూతురికి కడుపులో బిడ్డ బొద్దుగా పెరిగి తల ఇరుక్కుంది. ఆసుపత్రికి తీసుకెళ్లి కోయించమంది మంత్రసాని. కోతకి డబ్బెక్కడిది? ఇంట్లోనే ఇద్దరూ పోయారు. ఈ కోడల్ని కూడా పోగొట్టుకోలేక..."

కోడలు తల తిప్పి అత్త ముఖంలోకి చూసింది.

నర్సు గొంతు తగ్గించింది. "ఇక్కడ ఆపరేషన్‌కి డబ్బు తీసుకోరు పెద్దమ్మా. ఊరికే చేస్తారు."

ముసలామె ఆ పాదం వదల్లేదు.

"అప్పుడు కూడా ఊరికే చేసేవాళ్లా?"

నర్సు బిడ్డను మళ్లీ తూకంలో పెట్టింది.