బండిలో గీజరు

ఐల్సా తన భర్త సంచిలో ఆరు జతల మేజోళ్లు పెట్టింది. తీసేసింది. ఈసారి ఎనిమిది పెట్టింది. పైన ఉన్ని కోటు, నొప్పుల మాత్రలు, ఇంటి ఫోన్ నంబరు రాసిన కాగితం. నలభై ఏళ్లుగా ఆ నంబరు మారలేదు. అయినా రాసింది.

"మూడు వారాలకి ఇన్నా? నేనేం యుద్ధానికి పోతున్నానా?" అన్నాడు క్లైవ్ గుమ్మంలో నిలబడి.

"మా రాన్ కూడా ఇలాగే వేళాకోళం ఆడుతూ పోయాడు."



రాన్ ఆమె తమ్ముడు. పందొమ్మిది వందల డెబ్భై ఒకటి చలికాలంలో ముర్రే నదికి చేపలు పట్టడానికి వెళ్లాడు. బండిలో గ్యాసు కుంపటి వెలిగించి, చలికి కిటికీలన్నీ బిగించి పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. ఆ తర్వాత ఐల్సా తన ఇంట్లోకి గ్యాసును రానివ్వలేదు.

ఇప్పుడది క్లైవ్ బండిలోకి వచ్చింది.

బండి డెబ్భై నాలుగు నాటి బెడ్‌ఫర్డ్ వ్యాను. ముందు స్టీరింగు, వెనక మంచం, మధ్యలో వంట. ఏటా జూన్‌లో, చలికాలం మొదలవగానే, క్లైవ్ అందులో ఉత్తరాదికి పోయి, ఒకప్పుడు తనతో గొర్రెల ఉన్ని కత్తిరించిన ముసలి నేస్తాల్ని కలుస్తాడు. ఐల్సాకి మోకాళ్లు సాగవు. ఇంట్లోనే ఉండిపోతుంది. ఇన్నాళ్లూ క్లైవ్ స్నానం కెటిల్ నీళ్లతోనే.

"నిరుడు నా కంపు భరించలేక గాలివాటుకి అవతల కూర్చోబెట్టారే! ఈసారి వేడినీళ్లు ఉండాల్సిందే" అని పట్టుబట్టి గీజరు తెప్పించాడు. గ్యాసుతోనూ నడుస్తుంది, కరెంటుతోనూ నడుస్తుంది.

మంగళవారం దూరాన ఉన్న పోర్ట్ అగస్టా ఊరి నుంచి డారిల్ వచ్చి బిగించాడు. యాభై ఏళ్ల మనిషి. నోట్లో స్క్రూలు ఉన్నా మాటలు ఆగవు. బండి పక్కరేకు కోసి, గీజరు దించి, పొగ బయటికే పోయేలా దాని మూతి బయటికి పెట్టాడు. రాగి గొట్టం అతుకులన్నిటికీ సబ్బు నురగ పూసి బుడగలు లేస్తాయేమో చూశాడు. చివరికి అంతా సరిగ్గా ఉందని తన పేరు, లైసెన్సు నంబరు ఉన్న రేకు అతికించాడు. ఆ రేకు పడితే గాని ఎవరూ గ్యాసు వెలిగించరు.

ఆ సాయంత్రమే ఐల్సాకి వాసన వచ్చింది. ఫోన్ చేసింది. బుధవారం డారిల్ మళ్లీ వచ్చాడు. బండంతా వాసన చూసి, బీరువా కిందనుంచి ఒక బుట్ట లాగాడు.

"గ్యాసు కాదమ్మా. మీ ఉల్లిపాయలు కుళ్లాయి."

క్లైవ్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఐల్సా నవ్వలేదు.

గురువారం, అంటే ఈరోజు, మధ్యాహ్నం క్లైవ్ గీజరు వెలిగించగానే లోపల 'టప్'మని చప్పుడైంది. రేపు తెల్లవారకముందే ప్రయాణం. ఐల్సా సంచి వదిలి ఫోన్ దగ్గరికి నడిచింది.

"సిగ్గుండాలే నీకు! మూడోసారి రప్పిస్తావా!" అన్నాడు క్లైవ్.

"నాకు సిగ్గొద్దు. నువ్వు కావాలి."

నాలుగు కావస్తుండగా డారిల్ వచ్చాడు. దుమ్ము దులుపుకుంటూ, "పెద్దాయనా, నాకూ ఇక్కడే ఒక మంచం వేయించు. పోయి రాలేక చస్తున్నా" అన్నాడు.

ఆ చప్పుడు మంట అంటుకునేటప్పటిదే. ఏ గీజరైనా అంతే. ముందు భాగం విప్పి నీలిమంట చూపించాడు.

"నా కళ్లని నేను నమ్మను. కిటికీలు మూసి, నేను లోపల కూర్చుంటా. గీజరు మండనివ్వండి" అంది ఐల్సా.

"నీకు మతి పోయిందే!" అన్నాడు క్లైవ్.

డారిల్ మాత్రం వాదించలేదు. విషవాయువు వస్తే అంకె చూపించి కూతపెట్టే అలారాన్ని గోడకి తగిలించి, తనూ లోపలికొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ఇద్దరం పోతే నీకు ఈవిడ వంట తినే బాధ తీరుతుంది పెద్దాయనా, తలుపెయ్యి."

తలుపు పడగానే ఐల్సా చుట్టూ గోడల వంక చూసింది. రాన్ ఆఖరిసారి చూసింది ఇలాంటి చెక్కగోడల్నే కదా అనిపించింది. ఊపిరి లెక్కపెట్టింది. తల తిరుగుతోందా? తిరుగుతున్నట్టే ఉంది. అలారం వంక చూసింది. సున్నా. అరచేతులు గౌనుకి తుడుచుకుంది. మళ్లీ చూసింది. సున్నా.

అరగంట గడిచింది. కుళాయి తిప్పితే పొగలు కక్కే నీళ్లు వచ్చాయి.

"చాలా అమ్మా?" అంటూ డారిల్ లేవబోయాడు.

"ఇంకో అరగంట. నీకు పుణ్యముంటుంది."

డారిల్ కిటికీలోంచి పడమట వాలుతున్న పొద్దును చూశాడు. ఆమె ముఖం చూశాడు. మళ్లీ కూర్చున్నాడు. తన కూతురు ఈత నేర్చుకునేటప్పుడు తనెంత భయపడ్డాడో చెప్పాడు. అలారం కూయలేదు. గీజరు దానిపని అది చేసుకుపోయింది.

దిగేటప్పుడు ఐల్సా అతని చెయ్యి రెండు చేతులా పట్టుకుంది. "ఇప్పుడు నాకు భయం లేదు డారిల్."

"హమ్మయ్య! ఇక మీ నంబరు చూస్తే నాకూ భయం ఉండదు" అని నవ్వి, తన బండెక్కాడు.

ఆ రాత్రి ఆమెకి వారం రోజుల్లో మొదటిసారి ఒళ్లు తెలియని నిద్ర పట్టింది. శుక్రవారం తెల్లవారకముందే క్లైవ్ కదిలాడు. రోజూ వేడినీళ్లు పోసుకున్నాడు. నేస్తాల పక్కనే కూర్చున్నాడు. జూలై మూడున, చెప్పిన రోజుకే, రెండు కిలోల ఒళ్లు చేసి క్షేమంగా గేట్లోకి వచ్చాడు.

ఇల్లు చేరనిది డారిల్. జూన్ పదకొండు, గురువారం, ఐల్సా అడిగిన రెండో అరగంట కూడా అయ్యాక బయల్దేరి, మునిమాపు వేళ రోడ్డెక్కిన కంగారూల గుంపుని ఢీకొని అక్కడికక్కడే పోయాడు.