ఖాళీ కాటాపై ఎనభై కిలోలు

టోజర్ ఉప్పు మైదానంలో లారీల కాటా ఖాళీగా ఉంది. అయినా పక్కనున్న కాపలా గదిలో, కంప్యూటరుపై నా ప్రోగ్రాము ఎనభై కిలోలు చూపిస్తోంది. తెల్లవారి మొదటి లారీ వచ్చేలోగా అది సున్నా చూపకపోతే ఈ పని నా చేజారిపోతుంది.

"ఎవరో నిలబడ్డారు, ఇంజనీరు గారూ," అన్నాడు కాపలాదారు లజ్‌హర్, గ్లాసులో టీ వంపుతూ. "నాలుగు రాత్రులుగా ఇంతే."

"నువ్వు టీ సంగతి చూసుకో, బాబాయ్. కాటా అంకెలు తీగలో ముక్కలుగా వస్తాయి. అంకెల వరుస పూర్తికాకుండా ప్రోగ్రాము చదివితే ఇలాంటి దయ్యాలే పుడతాయి."

అతని భయం నాకు రోత పుట్టించింది. నాకు తెలియనిదేదీ లేదన్న ధీమాకు ఆ రాత్రి వరకూ నేను జ్ఞానమని పేరు పెట్టుకున్నాను. వరుస చివరి గుర్తు అందేదాకా ఆగి, సరిచూసుకుని చదివేలా ప్రోగ్రామును మార్చాను. వరుసలన్నీ నిక్కచ్చిగా వచ్చాయి. ప్రతిదానిలోనూ ఎనభై.

"అయితే కాటాయే తప్పు. ఇప్పుడే తేలుస్తాను," అని వెళ్లి దాని నడుమ నిలబడ్డాను. గాలి చప్పుడు కూడా లేదు.

"నూట అరవై!" కిటికీలోంచి అరిచాడు లజ్‌హర్.

"నా బరువు ఎనభై. మిగతాది యంత్రం పొరపాటు, తెలిసిందా?" అంటూ దిగాను. "ఇప్పుడెంత?"

అతను కంప్యూటరు వైపు చూసి, మళ్లీ నా వైపు చూశాడు.

"సున్నా."

"చూశావా, పిరికి బాబాయ్!" నవ్వుతూ గది వైపు నడిచాను.

లోపల గడియ పడింది.

"రావద్దు, ఇంజనీరు గారూ," తలుపు వెనక నుంచి అన్నాడు లజ్‌హర్. "మీరిద్దరూ అక్కడే ఉండండి."