ఏవండీ

నరసాపురం చర్చి పాటల రికార్డింగులున్న లైనక్స్ సర్వర్ కరెంటు పోయి ఆగిపోయింది. ఆ రాత్రి దాన్ని చూసుకునే ఐజాక్ ఒక్కడే ఆఫీసులో కూర్చుని, చెదిరిన డిస్కును సరిచేసే కమాండ్ నడిపాడు. ఏ ఫోల్డరుకూ చెందని దిక్కులేని ఫైలొకటి దొరికింది. దానికి పేరు లేదు. తేదీ మాత్రం ఆ రాత్రిదే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు.

“ఏవండీ!”

తబిత గొంతు. భార్య పోయి మూడేళ్లయింది. దేవుడింత దయ చూపాడా అని ఐజాక్ కళ్లు తడిశాయి. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ పిలుపు తనొక్కడిదే.

“ఊఁ, చెప్పు,” అని ఎవరో మగవాడు తీరిగ్గా పలికాడు.

“ఎవడే వాడు?” అని ఐజాక్ ఖాళీ గదిలో గట్టిగానే అరిచాడు.

ఇయర్‌ఫోన్స్‌లో ఇద్దరూ ఒక్కసారిగా ఆగారు. తర్వాత తబిత గొంతు తగ్గించి అంది.

“మెల్లగా మాట్లాడండి. ఐజాక్ గారు వింటున్నారు.”