ఎవరూ చూడని ఆయిల్

జీపు వెనక నుంచి ఊళ పెట్టినట్టు మోత వచ్చింది. ఆ వెంటనే కాలిన వాసన.

సందీప్ బండి ఆపేశాడు.

"ఏమాయెరా?" వెనక సీట్లో నుంచి తల్లి భారతమ్మ అడిగింది.

ఆమె పక్కన సందీప్ భార్య పూర్ణిమ పళ్లు బిగించి నొప్పి ఓర్చుకుంటోంది. బిడ్డ అడ్డం తిరిగిందని పొద్దునే నర్సు చెప్పింది. ఆళ్లగడ్డలో ఆగొద్దు, నేరుగా నంద్యాలకే తీసుకుపొమ్మంది.

ముసురు పట్టి నల్లరేగడి దారంతా బంకలా మారింది. అంబులెన్సు ఆళ్లగడ్డ దగ్గర తారు రోడ్డు మీదే నిలబడిపోయింది. నాలుగు చక్రాలూ లాగే జీపు తప్ప ఇంకేదీ ఆ బురదలో నడవదు.

ఇప్పుడా జీపే నిలిచిపోయింది.

ఆళ్లగడ్డ వైపు నుంచి అలాంటిదే ఇంకో జీపు వచ్చింది. సందీప్ అడ్డం నిలబడి చేతులూపాడు.

యాభై దాటిన మనిషి దిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. జీపు వెనక కాన్వాసు పరదా దించి కట్టేసి ఉంది.

"అన్నా, నా పెండ్లానికి కాన్పు నొప్పులు. బండి నిలబడిపాయ. మీ జీపులో తారు రోడ్డు దాకా దింపండి."

ఆయన తన జీపు వైపు చూశాడు.

"దాంట్లో వద్దప్పా."

"ఏం, చోటు లేదా?"

"వెనక మా ఇంటామె, బిడ్డ ఉండారు."

"కొంచేపు దిగమనన్నా. ఈడ పానం మీదికొచ్చింది."

"దిగరప్పా."

సందీప్‌కు ఒళ్లు మండింది.

"మనిషివేనా నువ్వు?"

ఆయన బురదలో పడుకుని సందీప్ జీపు కిందికి జరిగాడు. వెనక ఇరుసు నడుమ ఉన్న గుండ్రటి ఇనుప డిప్పను ముట్టుకుని, చురుక్కుమని చేయి తీసుకున్నాడు.

"గేర్ ఆయిల్ ఎప్పుడు చూసినావు?"

"మొన్ననే మార్పించినా."

"అది ఇంజన్ ఆయిల్. నేనడిగేది ఈ వెనక క్రౌన్‌లోది."

"దాన్ని ఎవురు చూస్తారు?"

ఆయన చేతి బురదను చొక్కాకు తుడుచుకున్నాడు.

"నిజమే. ఎవురూ చూడరు," అన్నాడాయన.

పానా అడిగి తీసుకుని బోల్టు విప్పి, లోపల వేలు పెట్టి చూశాడు. వేలికి తడి అంటలేదు.

"సీలు పోయి అంతా కారిపోయింది. ఇట్లనే తోలితే పట్టేస్తాది. చక్రాలు తిరగవు."

"ఈ అడవిలో ఆయిల్ యాడ తేవాల?"

ఆయన లేచి తన జీపు దగ్గరికి నడిచాడు. సీటు కింద నుంచి ఖాళీ డబ్బా తీసి, తన బండి కిందికే దూరాడు. బోల్టు విప్పగానే డబ్బాలోకి కొత్త ఆయిల్ చిక్కగా, తేనెలా జారింది.

భారతమ్మ చూస్తూ ఉండలేకపోయింది.

"సగం చాలన్నా. మరి నీ బండికో?"

"సీలు కారుతాండాదమ్మా. సగం పోస్తే నడిదారిలో మళ్లీ నిలబడతారు. అంతా పోనీ." చేతులు గడ్డికి తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు. "మాకింక తొందర లేదు."

ట్యూబు ముక్క పెట్టి, చుక్క మిగలకుండా సందీప్ జీపులోకి పోశాడు. బోల్టు బిగించాడు. తర్వాత పూర్ణిమ దగ్గరికి వచ్చి, తల మీద చేయి పెట్టబోయాడు. ఏమనుకున్నాడో, పెట్టకుండానే వెనక్కి తీసుకున్నాడు.

"భయపడొద్దు తల్లీ. నువ్వు చేరుకుంటావు."

జీపు కదిలింది. ఈసారి మోత లేదు.

సందీప్ కృతజ్ఞతగా ఒక్క మాటైనా అనలేదు. అద్దంలో చూస్తే, ఆయన వానలో అలాగే నిలబడి ఉన్నాడు. పరదా వెనక నుంచి ఎవరూ దిగలేదు.

"ఇంత జరుగుతాంటే ఒక్కరన్నా బయటికి తొంగి చూసినారా? ఏం ఆడోళ్లో," అన్నాడు సందీప్.

భారతమ్మ కోడలి తలను ఒళ్లోకి తీసుకుంది.

నంద్యాలలో ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. ఇంకొంచెం ఆలస్యమైతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట విన్న దగ్గర్నుంచి సందీప్‌కు తాను అన్న మాటే చెవుల్లో తిరుగుతూ వచ్చింది.

పూర్ణిమను ఇంటికి తెచ్చాక, జీపుకు కొత్త సీలు వేయించాడు. గేర్ ఆయిల్ డబ్బా ఒకటి, ఆ ఇంటి ఆడవాళ్లకని పూలూ పండ్లూ కొన్నాడు. ఆ దారిలో పైకి పోతూ ఊరూరా ఆరా తీశాడు.

ఒక ఇంటి ముందు ఆ జీపు కనిపించింది. తలుపుకు తాళం వేసి ఉంది. పక్కింటి అరుగు మీద జీవమ్మ అనే ముసలామె చింతపండు ఒలుస్తోంది.

"ఈ జీపాయన యాడికి పోయినాడవ్వా?"

"చెన్నకేశవులా? ఊర్లో లేరు. నువ్వెవురు నాయనా?"

సందీప్ జరిగింది చెప్పాడు. ముసలామె చేతులు ఆగిపోయాయి.

"ఆ కాన్పు బిడ్డ నీ పెండ్లామేనా? బాగుండాదా?"

"ఇద్దరూ బాగుండారవ్వా. ఆ పొద్దు కోపంలో ఆయన్ని అనరాని మాట అనేసినా. ఆయనకూ, ఇంట్లో ఆయమ్మకూ, వాళ్ల బిడ్డకూ ఒక మాట చెప్పిపోదామని వచ్చినా."

జీవమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"వాళ్ల బిడ్డ సుష్మకు గూడ కాన్పు నొప్పులే నాయనా. నీకంటే ముందురోజు అదే దారిలో తీసకపోతాంటే, చెన్నకేశవులు జీపు వెనక ఆయిల్ ఎండిపోయి నిలబడిపాయ. ట్రాక్టరు దొరికి నంద్యాల చేరేతలికి శానా పొద్దుపోయింది. మర్నాడు ఆ జీపుకే కొత్త ఆయిల్ పోసుకోని తిరిగొస్తాంటే నువ్వు ఎదురైనావు."

సందీప్ చేతిలోని పూలపొట్లం అలాగే ఉండిపోయింది.

"నువ్వు దిగమని అడిగినప్పుడు, ఆ పరదా వెనక చల్లబడిన కూతుర్ని ఒళ్లో పెట్టుకోని కూర్చోనుండె, వాళ్లమ్మ."