సుద్దగీత

బండి కదలకూడదని ఇంజనీరు కోరిక. కదలాలని కోడలి కోరిక. అత్తగారి మనసులో ఏముందో ముఖం చూస్తే తెలియలేదు.

ముగ్గురూ కార్ల కంపెనీ టెస్ట్ యార్డులో, సిమెంటు ర్యాంపు పక్కన నిలబడ్డారు. ర్యాంపు కింద ఆ బండి ఉంది. వెనక బంపరు ఎడమవైపు నొక్కుకుపోయింది. కోడలు అటు చూడటం లేదు.

కిందటి నెల ఆమె ఆ బండిని ఇంటి ముందు ఎత్తురోడ్డులో ఆపింది. హ్యాండ్‌బ్రేకు లాగి దిగింది. భర్త డిక్కీలోంచి సంచులు తీస్తున్నాడు. ఆమె గేటు తాళం తీస్తుండగా బండి వెనక్కి జారింది. అతన్ని వీధి మలుపులో ఉన్న గోడదాకా తోసుకుపోయింది. అతను అక్కడే పోయాడు.

అప్పటినుంచి అందరూ అడిగేది ఒకటే. సరిగ్గా లాగావా? పోలీసులు అడిగారు. ఇన్సూరెన్సువాళ్లు అడిగారు. ఎనిమిదేళ్ల కూతురు అడిగింది. అత్తగారు మాత్రం అడగలేదు. కోడలితో మాట్లాడటమే మానేసింది.

బండి తప్పో నా తప్పో తేల్చండని కోడలు కంపెనీ చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. చివరికి ఈ పరీక్షకు ఒప్పుకున్నారు. ప్రమాదం తర్వాత బండికి ఎవరూ రెంచి కూడా తగిలించలేదు.

"ఐదు చుక్కల బండి అని మావాడు మురిసిపోయి కొన్నాడు బాబూ," అంది అత్తగారు ఇంజనీరుతో.

"ఆ స్టార్లు లోపల కూర్చున్నవాళ్ల కోసమమ్మా. బండిని గోడకి గుద్దించి చూసి ఇస్తారు. ఆపి ఉంచిన బండికి ఇవ్వరు."

"మావాడు బయటున్నాడు."

ఇంజనీరు మెడలో ఐడీ కార్డు సర్దుకున్నాడు. తర్వాత కోడలి వైపు తిరిగాడు.

"ఆ రోజు గేరులో వదిలారా మేడమ్?"

"లేదండీ. న్యూట్రల్ చేసి హ్యాండ్‌బ్రేకు వేశాను. డ్రైవింగ్ స్కూల్లో అలాగే నేర్పారు."

"గేరులో వదిలుంటే, మళ్లీ క్లచ్ తొక్కేదాకా ఇంజనే బండిని పట్టి ఉంచేది. హ్యాండ్‌బ్రేకు పట్టకపోయినా కదిలేది కాదు."

"ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు."

"ఆవిడకి ఒకరు చెప్పాలా?" అంది అత్తగారు, గాలితో అన్నట్టు.

ఇంజనీరు టెస్ట్ డ్రైవరుని పిలిచాడు. "లంగరూ! న్యూట్రల్‌లోనే పెట్టు. ఇవాళ తేలాల్సింది బ్రేకు సంగతి ఒక్కటే."

"అలాగే సార్."

అతనికి ఆ పేరు పడి చాలా ఏళ్లయింది. ఎంత వాలులో వదిలినా అతను దిగిన బండి అంగుళం కదిలిందని విన్నవాళ్లు లేరు. కొత్తగా చేరినవాళ్లకి లంగరన్నని చూసి నేర్చుకోమని చెబుతారు. అతను ఆపిన బండిని మళ్లీ సరిచూసే పని ఎవరూ పెట్టుకోరు.

పరీక్షలో దగా లేదు. ఆ రోజు కోడలు కొండదారి దిగి ఇంటికి వచ్చింది. అప్పటికి బ్రేకులు బాగా కాగి ఉంటాయి. కాగినప్పుడు గట్టిగా పట్టిన బ్రేకు, చల్లారాక పట్టు వదలొచ్చు. అందుకని లంగరు బ్రేకు తొక్కుతూ యార్డు చుట్టూ తిరిగాడు. మాడు వాసన వచ్చాక బండిని ర్యాంపు ఎక్కించి ఆపాడు.

హ్యాండ్‌బ్రేకు టకటకమంటూ పైకి లేచింది.

"నేనూ ఇలాగే లాగాను," అంది కోడలు.

లంగరు చేతి అలవాటుగా ఇంజను ఆపి దిగాడు. వెనక టైరుని ఆనించి నేలమీద సుద్దగీత గీశాడు. దూరంగా వచ్చి రెండు చేతులూ కట్టుకున్నాడు.

అందరూ ఆ గీతనే చూస్తూ నిలబడ్డారు. కోడలి పెదవులు కదులుతున్నాయి. కదులు, కదులు అంటున్నట్టు పక్కనున్న ఇంజనీరుకి తెలుస్తూనే ఉంది. అతను చాలాసేపు ఆగాడు. వెళ్లి చక్రం తాకి చూశాడు. చల్లబడింది. మరికాసేపు ఆగాడు.

టైరు గీత దగ్గరే ఉంది.

"బ్రేకు పట్టింది మేడమ్," అన్నాడు.

కోడలు గీత దగ్గరికి వెళ్లి వంగి చూసింది.

"అయితే నేనే సరిగ్గా లాగలేదు," అంది. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

అత్తగారు కేకలు వేయలేదు. "పాప ఇకమీద నా దగ్గరే ఉంటుందని ఆవిడకి చెప్పండి బాబూ," అంది. కోడలు పక్కనే ఉంది. అత్తగారు వెళ్లి, వాళ్లు వచ్చిన టాక్సీలో వెనకసీటు మధ్యలో కూర్చుంది. పక్కకి జరగలేదు.

కోడలు లంగరు దగ్గర ఆగింది.

"అన్నా, మా పాప అడుగుతుంది. ఏం చెప్పను?"

లంగరుకి జాలేసింది. "మనిషన్నాక పొరపాటు జరుగుతుందమ్మా. చేతికి అలవాటైన పనిమీద ధ్యాస ఉండదు. నిన్ను నువ్వు తిట్టుకోకు."

ఆమె తల ఊపి, వెళ్లి డ్రైవరు పక్కసీట్లో కూర్చుంది.

టాక్సీ గేటు దాటాక, బండిని షెడ్డులో పెడదామని లంగరు ఎక్కి కూర్చుని ఎప్పటిలాగే ముందు క్లచ్ తొక్కాడు. హ్యాండ్‌బ్రేకు పైకి లాగింది లాగినట్టే ఉంది, బండి సుద్దగీత దాటి వెనక్కి జారింది.