ఎవరూ రాని శవం

"తొంభై ఏడు దగ్గర ఆగిపోయావు కోలెట్! శనివారం పట్టా పుచ్చుకోవాలని ఉందా, లేదా?"

మిసెస్ గోర్మన్‌కి ఒళ్ళు మండిపోయింది. నాలుగేళ్ళలో వంద గంటల సమాజసేవ, అదీ ఇంట్లోవాళ్ళకి కాదు, బయటివాళ్ళకి. ఈ కాథలిక్ హైస్కూల్లో అది పూర్తిచెయ్యందే ఎంతటివాళ్ళకైనా పట్టా చేతికి రాదు. మిగతా పిల్లలంతా ఎప్పుడో ముగించేశారు. కోలెట్ డ్యూడెక్ ఒక్కతే మూడు గంటలు బాకీ. గడువు ఇవాళ సాయంత్రం నాలుగింటికి.

"పేదలకిచ్చే సరుకుల కొట్టుకి పో. మూడు గంటలు డబ్బాలు సర్దితే గండం గట్టెక్కుతావు."

"వద్దు మేడమ్. నేను శవాన్ని మొయ్యడానికి వస్తాను."

మిసెస్ గోర్మన్ కళ్ళజోడు తీసి ఆ పిల్లని తేరిపార చూసింది.

ఊళ్ళో దిక్కులేకుండా చచ్చిపోయినవాళ్ళని ఖననం చేసేటప్పుడు, ఈ స్కూలు పిల్లలు ఆరుగురు వెళ్ళి శవపేటిక మోస్తారు. తొమ్మిదేళ్ళుగా వాళ్ళని తీసుకెళ్తున్నది మిసెస్ గోర్మనే. ఇప్పటికి నలభై ఒక్క మంది. ఎవరికీ చెప్పదు కానీ, వాళ్ళు ఆవిణ్ణి వదల్లేదు. గిన్నెలు తోముతుంటే ఉన్నట్టుండి ఒక పేరు గుర్తొస్తుంది, అరచేతిలో పేటిక పిడి తగిలినట్టుంటుంది. అలాంటి చోటికి గంటలు నింపుకోవడానికి ఆఖరి నిమిషంలో వస్తానంటే ఆవిడకి కోపం రాదూ?

"నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఒంటరిగా పెంచుకున్న నా పిల్లని ఆ అంత్యక్రియలకి మాత్రం పంపొద్దని మరీ మరీ చెప్పింది."

"నాకు పద్దెనిమిది నిండాయి మేడమ్. అనుమతి కాగితం మీద నా సంతకం నేనే పెట్టుకుంటా."

రావలసిన ఆరుగురిలో ఒకడికి జ్వరం. ఐదుగురితో పేటిక లేవదు. చేసేది లేక, గొణుక్కుంటూనే మిసెస్ గోర్మన్ ఆ కాగితం అందుకుంది.

పన్నెండింటికి బస్సు కదిలింది. మే నెల వచ్చినా సమాధుల తోటలో, ఊరిని ఆనుకున్న ఈరీ సరస్సు మీది గాలి ఎముకల్ని కొరికేస్తోంది. చిన్న ప్రార్థన మందిరంలో బూడిదరంగు గుడ్డ అంటించిన చవక పేటిక. దానిమీద ఒక్క పువ్వు కూడా లేదు.

మిసెస్ గోర్మన్ చీటీ చదివింది. "రేమండ్ హాస్. యాభై రెండేళ్ళు. అద్దెగదిలో చనిపోయారు. నెలరోజులు చూశారు, మావాడంటూ ఎవరూ రాలేదు." తర్వాత ప్రతిసారీ చెప్పే మాటే చెప్పింది. "ఈ గంటసేపూ ఈయనకి మీరే కుటుంబం."

కోలెట్ తలదించుకుంది.

"యాభై రెండేళ్ళు బతికి ఒక్కర్నీ మిగుల్చుకోలేదంటే, ఎంత దుర్మార్గుడో మహానుభావుడు!" అన్నాడు మొయ్యడానికొచ్చిన పిల్లల్లో క్వెంటిన్ అనేవాడు, లోగొంతుతో.

"ఏయ్, నోరు ముయ్యి!" అని కసిరింది మిసెస్ గోర్మన్.

"అయ్యుండొచ్చులెండి మేడమ్," అంది కోలెట్. గొంతులో తడి లేదు.

అబ్బ, ఎంత బండ మనసు! మిసెస్ గోర్మన్‌కి ఆ పిల్లని చెయ్యిపట్టి బయటికి పంపెయ్యాలనిపించింది. అయితే అప్పటికే కోలెట్ వెళ్ళి తలవైపు పిడి పట్టుకుంది.

పేటిక లేచింది. ప్రార్థన చెయ్యడానికొచ్చిన చర్చి ఫాదర్ ముందు నడిచాడు, మిసెస్ గోర్మన్ వెనక. ఇక్కడే ఆవిడకి భయం. ఇలా నడిచిన ప్రతిసారీ వెనక అడుగుల చప్పుడు వినబడుతుంది, ఎవరో ఆలస్యమై పరుగున వస్తున్నట్టు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. నలభై ఒక్కసార్లూ అంతే. ఇవాళ కూడా చెవులు రిక్కించింది. చప్పుడే లేదు. ఎందుకో అదే ఇంకా వణికించింది. భుజం మీదుగా రెండుసార్లు చూసుకుంది.

సగం దారిలో పేటిక దింపి పిల్లలు చేతులు విదిలించుకున్నారు. కోలెట్ మాత్రం వంగి పిడి పట్టుకునే ఉంది. వేళ్ళు నీలంగా తిరిగాయి.

"వదులమ్మా కాసేపు," అన్నాడు ఫాదర్.

ఆ పిల్ల వదల్లేదు.

ప్రార్థన ముగిసింది. పేటిక గొయ్యిలోకి దిగింది. పిల్లలు చలికి తాళలేక బస్సెక్కేశారు. కోలెట్ గొయ్యి అంచునే నిలబడిపోయింది. పావుగంట. అరగంట. మట్టి కప్పేవాళ్ళు వచ్చి, పని ముగించుకుని వెళ్ళిపోయారు. అయినా కదల్లేదు.

మిసెస్ గోర్మన్ గడియారం చూసుకుంది. ఇదా సంగతి! ఇంకో పదిహేను నిమిషాలైతే సరిగ్గా మూడు గంటలు.

"చాల్లే, వచ్చెయ్!" అని కేకేసింది. "పోయినవాడి పేరు చెప్పుకుని టైము సాగదీసింది చాలు. సిగ్గుండాలి!"

కోలెట్ వచ్చి బస్సెక్కింది. ఆవిడ పక్క సీట్లో కూర్చుంది. చేతులకి మట్టి. మిసెస్ గోర్మన్ విసురుగా సేవాపత్రం తీసి, మూడు గంటలు వేసి, సంతకం గీకింది.

"ఇదిగో, బతికిపోయావు. నాలుగు లోపల ఆఫీసులో ఇచ్చెయ్."

కోలెట్ దాన్ని చదివి, మడిచి, ఆవిడ ఒళ్ళోనే పెట్టింది.

"ఈ గంటలు నాకు వెయ్యకండి మేడమ్."

"మతి పోయిందా? శనివారం నిన్ను స్టేజీ ఎక్కనివ్వరు! నాలుగేళ్ళ చదువు ఏమైపోవాలి?"

"తెలుసు."

"తెలిసేనా? ఏమొచ్చింది నీకు?"

ఆ పిల్ల చేతులకంటిన మట్టి వంక చూసుకుంది.

"ఇంట్లోవాళ్ళకి చేసింది సేవ కింద రాయకూడదని మీరే చెప్పారు కదా మేడమ్, ఆయన మా నాన్న."